పచ్చివెలక్కాయ సాక్ష్యం

జవాబు తోచక నోరు మెదపలేని మనిషిని చూసి, గొంతులో పచ్చివెలక్కాయ పడ్డట్టయిందంటాం. వాడీ వాడీ ఆ నానుడి అరిగిపోయింది. అందులో నిజంగా ఒక కాయ ఉందన్న సంగతే మరిచాం. ఆ కాయ గురించి చరకసంహితలో ఉంది. ఆహారద్రవ్యాల గుణాలను వరసగా చెప్పుకొచ్చే అధ్యాయంలో, పచ్చి వెలగకాయ కంఠాన్ని చెరుపుతుందనీ, విషాన్ని విరుస్తుందనీ ఒక్క ఊపులో చెప్పేశారు. మేలు చేస్తుంది కదా అని గొంతు బాధను దాచలేదు, గొంతును బాధిస్తుంది కదా అని మేలును కొట్టెయ్యలేదు. ఆ గ్రంథకర్తలకు ఈ రెండు మాటలూ పక్కపక్కన ఇమిడాయి. మన ఇళ్లలో మాత్రం ఇమడవు. మూలికల పొడి వేసుకున్నాక గొంతు మండుతోందని ఇంట్లో ఎవరైనా అన్నారో, అప్పటికప్పుడు రెండు పక్షాలు లేస్తాయి. మందు పని చేస్తున్నందుకే ఆ మంట, ఓర్చుకో అంటుంది ఒకటి. ఇవన్నీ మోసాలు, అవతల పారెయ్ అంటుంది రెండోది. ఇద్దరిలో ఎవరూ ఆ గొంతును మాత్రం ఇంకో మాట అడగరు. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపుంది, మంటా, దురదా, పట్టేసినట్టుందా, మింగడం కష్టంగా ఉందా అని అడిగే మనిషి అరుదు.

మందు మింగిన గొంతు మాట వినాలా వద్దా అన్న ప్రశ్నకు నంద్యాల, ఆళ్లగడ్డల సీమ తగిన చోటు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డ నంద్యాల జిల్లా పటంలోనే శ్రీశైలం, మహానంది, యాగంటి, అహోబిలం నాలుగూ ఉన్నాయి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోతుంటే ఎడమచేతి పక్క నల్లమల కొండలు దారి పొడుగునా వెంట వస్తూనే ఉంటాయి. ఆ కొండల్లో దేవుళ్లున్నారు, మందుచెట్లూ ఉన్నాయి. జనం మనసులో ఈ రెండూ విడివిడిగా ఉండవు. తిరునాళ్లలో గుడ్డ పరిచి వేర్లు, చెక్కలు, పొడులు పెట్టుకుని కూర్చున్నవాడు ‘ఇది నల్లమల మూలిక’ అంటే చాలు, సగం బేరం తెగినట్టే. కామెర్లకు పసరు పోయించుకుని ఉప్పూ నూనే మానేసి పథ్యం ఉండేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పసరు గొంతు దిగేటప్పుడు కస్సుమంటే చాలామంది దాన్ని బాధగా లెక్కపెట్టరు, దాదాపు ఒక వ్రతంలో భాగంగానే తీసుకుంటారు. ఇక్కడే మతానికీ తత్వానికీ సంబంధించిన అసలు చిక్కు మొదలవుతుంది. పెద్దల మాట మీద, దేవుడి కొండ మీద నమ్మకంతో పుచ్చుకున్న మందును గురించి ఒంట్లో ఒక భాగం అభ్యంతరం చెబితే, ఆ అభ్యంతరాన్ని వినడం శ్రద్ధకు లోటా? శాస్త్రం ఒక ప్రమాణమైతే గొంతు ఇంకో ప్రమాణమా, లేక వట్టి గొణుగుడా?

దీనికి జవాబు మన దర్శనాల్లోనే ఉంది. అది చాలామంది అనుకునేదానికి తలకిందులుగా ఉంటుంది. గౌతముడి న్యాయసూత్రాల్లో వేదం ఎందుకు ప్రమాణం అన్న చర్చ వస్తుంది. వేదంలో అసత్యాలున్నాయి, పరస్పర విరోధాలున్నాయి, చెప్పిందే చెప్పడం ఉంది అని పూర్వపక్షం గట్టిగానే వాదిస్తుంది. దానికి సమాధానాలన్నీ చెప్పాక చివర ఒక పోలిక తెస్తారు. మంత్రమూ ఆయుర్వేదమూ ఎలా ప్రమాణమో వేదమూ అలాగే ప్రమాణం, ఎందుకంటే చెప్పినవారు ఆప్తులు. ఈ పోలిక ఏ దిక్కుగా నడుస్తోందో గమనించాలి. తెలిసిన దాన్ని చూపి తెలియని దాన్ని రుజువు చెయ్యడం న్యాయశాస్త్రం పద్ధతి. వంటింటి పొయ్యిని చూపి కొండ మీద నిప్పును రుజువు చేసినట్టు. ఇక్కడ పొయ్యి స్థానంలో ఉన్నది ఆయుర్వేదం. మందు పుచ్చుకుంటే ఫలితం కంటికి కనిపిస్తుంది, కనుక అలాంటి మనుషులే చెప్పిన, కంటికి కనిపించని స్వర్గాది విషయాలనూ నమ్మవచ్చునన్నది ఆ వాదం. అంటే వేదానికి మందు సాక్ష్యం ఇచ్చింది. మనం ఇవాళ చేస్తున్నది దీనికి ఎదురు బేరం. పవిత్రం కనుక పని చేస్తుంది, పని చేస్తోంది కనుక బాధ లెక్కలోది కాదు అంటున్నాం. సాక్షిని బోనులోంచి దింపేసి, ఎవరి తరఫున సాక్ష్యం చెప్పడానికి వచ్చాడో వాళ్లనే అతడికి పూచీగా నిలబెట్టినట్టుంది ఇది. ఆయుర్వేదాన్ని ఫలితంతో పరీక్షించడం మానేసిన రోజున నైయాయికుడి వాదం కూడా కూలుతుంది. గొంతు చెప్పేది వినవద్దనే భక్తుడు తెలియకుండానే తన వేదం కింద పునాది రాయిని పెకలిస్తున్నాడు.

ఆప్తుడు అన్న మాటకీ ఒక కొలత ఉంది. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడికి మూడు లక్షణాలు చెబుతాడు. విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి, ప్రాణుల పట్ల దయ ఉండాలి, ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఇంకా ముందుకు పోయి, ఈ లక్షణాలు ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా ఒక్కటే అంటాడు. ఈ మాట అహోబిలం చుట్టుపక్కల వినిపించవలసిన మాట. అక్కడి కథలో నరసింహస్వామి చెంచుల ఆడపడుచును పెళ్లాడాడు, చెంచులకు దేవుడు బంధువు. సంక్రాంతి తర్వాత పారువేట ఉత్సవంలో ఆయన ఆళ్లగడ్డ చుట్టుపట్ల పల్లెలన్నీ నలభై రోజులకు పైగా తిరిగి తన పెళ్లికి అందరినీ పిలిచి వస్తాడు. మందుచెట్ల విషయంలో చరకసంహిత కూడా అడవివాళ్ల తెలివిని ఒప్పుకుంటుంది. మేకలు కాసేవాళ్లకు, గొర్రెలు, ఆవులు కాసేవాళ్లకు, వనంలో తిరిగేవాళ్లకు మొక్కల పేర్లూ రూపాలూ తెలుసు అంటుంది. అంతటితో ఆగదు. పేరూ రూపమూ తెలిసినంత మాత్రాన ఏ మనిషికి, ఏ కాలంలో, ఎంత మోతాదులో ఇవ్వాలో తెలిసినట్టు కాదనీ అంటుంది. చెంచు పెద్ద మొక్కను గుర్తుపట్టడంలో ఆప్తుడు. పుస్తకం చదివిన వైద్యుడు మోతాదులో ఆప్తుడు. మందు మింగినవాడు మూడో ఆప్తుడు, తన గొంతులో ఏమవుతోందో అన్నదాని వరకూ. అది వాడొక్కడే స్వయంగా ఎరిగిన విషయం, ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరికా వాడికి ఉంటుంది. తిరునాళ్లలో పొట్లం కట్టిచ్చి సాయంత్రానికి ఊరు దాటిపోయే వ్యాపారి ఈ మూడింటిలో ఎక్కడ నిలుస్తాడో చెప్పడం కష్టం. అతను చెంచుల పేరు చెప్పుకుంటాడు గానీ చెంచులకు ఉన్నదేదీ అతని దగ్గర లేదు. మరునాడు కూడా అదే ఊళ్లో అదే రోగి మొహం చూడవలసిన అవసరమూ లేదు.

గొంతు సాక్ష్యాన్ని పాతవాళ్లు ఎంత శ్రద్ధగా రాసుకున్నారో చూడాలంటే అష్టాంగహృదయంలో రసాల అధ్యాయం తెరవాలి. ఆరు రుచులను ఆ గ్రంథకర్త వాగ్భటుడు నాలుకకు ఎలా ఉంటాయో చెప్పి వదిలెయ్యడు. ఒక్కోటి నోట్లో ఏ చోట ఏం చేస్తుందో చెబుతాడు. ఉప్పు నోట్లో నీళ్లూరించి బుగ్గలనూ గొంతునూ మండిస్తుంది. చేదు నోటిని శుభ్రం చేసి ఇంక ఏ రుచీ తెలియకుండా చేస్తుంది. కారం నాలుక కొనను చిమచిమలాడించి కంటా ముక్కునా నీరు కార్పిస్తుంది. వగరు నాలుకను మొద్దుబార్చి గొంతు దారిని బిగబడుతుంది. కరక్కాయ ముక్క నమిలినవాళ్లెవరికైనా ఆ చివరి మాట ఎంత నిజమో తెలుసు. కాబట్టి మూలిక గొంతును బాధించడం వింతేమీ కాదు, అది ఆ ద్రవ్యం పేరుపత్రంలోనే ఉంది. వాగ్భటుడి జాబితా ఉన్నందువల్ల ఇంకో లాభం కూడా ఉంది. అందులో చెప్పినట్టు వచ్చి, నీళ్లు తాగితే కాసేపట్లో సర్దుకునేది ఒకటి. అందులో లేనిది, తగ్గకపోగా పెరిగేది ఇంకొకటి. మొదటిది రుచి, రెండోది హెచ్చరిక. శొంఠి, పిప్పలి, మిరియం కలిసిన త్రికటు చూర్ణం ఇచ్చే చురుకును తెలిసినవాడు, చేదుకషాయం తాగాక పెదవులు ఉబ్బితే దాన్ని చేదు ఖాతాలో వెయ్యడు. ఈ తేడాను మన వంటిళ్లు ఎప్పుడో కనిపెట్టాయి. కంద కోస్తే చేతులు దురద, సరిగా ఉడకని కంద తింటే గొంతు దురద. కందలో క్యాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సన్నటి సూదుల కట్టల్లా ఉంటాయి, అవి గొంతులో గుచ్చుకుంటాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని సామెత వేళాకోళం చేస్తుంది గానీ, ఆ దురదను పట్టించుకున్నందుకే కందలో చింతపండు పులుసు పోసి బాగా ఉడికించడం మనకు వచ్చింది. కంద పవిత్రమా కాదా అన్న ప్రశ్న ఆ వంటలో ఎక్కడా రాలేదు. ఎవరో ఒకరి గొంతు ఫిర్యాదు చేసింది, ఇంకొకరు విన్నారు. ఆయుర్వేదంలో శోధన అనే పెద్ద శాస్త్రం ఇదే పని మీద నిలబడింది. బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి రసం చర్మానికి తగిలితే పొక్కులు లేస్తాయి. దాన్ని ఇటికపొడిలో నలిచి శుద్ధి చేశాకగానీ మందుల్లోకి తీసుకోరు. తేనె, నెయ్యి, వేడినీళ్లు అంటూ ప్రతి చూర్ణానికీ చెప్పే అనుపానంలోనూ గొంతు పట్ల ఈ దయే కనిపిస్తుంది. పొడి మందు ఉత్తగా వేసుకుంటే గొంతుకు అంటుకుంటుందని, పొలమారుతుందని తెలిసినవాళ్ల ఏర్పాటు అది. ఈసబుగోలును చాలినన్ని నీళ్లు లేకుండా మింగితే గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుందని నేటి డాక్టర్లు చెప్పేదీ అనుపానం మాటే.

పొలమారడం అన్నాక ఒక పక్కమాట. తింటూ తింటూ పొలమారితే నడినెత్తి మీద తట్టి ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అంటారు మన ఆడవాళ్లు. ఇది కూడా గొంతు పంపిన సంకేతానికి ఒక అర్థం చెప్పడమే. చాలా ముద్దైన అర్థం, ఎవరికీ నష్టం లేనిది. అలా అంటూనే నీళ్లగ్లాసు చేతికిస్తారు కాబట్టి. అర్థం చెప్పడం చెయ్యవలసిన పనికి అడ్డురాలేదు. ‘మంట పుడుతోందంటే రోగం బయటికి పోతోంది’ అనే అర్థం అలాంటిది కాదు. అది నీళ్లగ్లాసును పక్కన పెట్టిస్తుంది, రెండో మోతాదు వేయిస్తుంది. తర్కం లెక్కన చూసినా అది నిలవదు. మందు పనిచేసిన చోటా మంట ఉండవచ్చు, విషం పనిచేసిన చోటా మంట ఉండవచ్చు. రెండు చోట్లా కనిపించే గుర్తును ఒకదానికే రుజువుగా చూపడాన్ని నైయాయికులు సవ్యభిచార హేతువు అన్నారు, హేత్వాభాసల్లో దాన్నే మొదట లెక్కపెట్టారు. పైగా మంట పుట్టకపోతే మందు చల్లగా పనిచేస్తోందంటాం. పుట్టినా గెలుపే, పుట్టకున్నా గెలుపే అయిన వాదానికి గొంతుతో పనిలేదు, రోగితోనూ పనిలేదు.

దీనికి గీత నుంచి ఒక అడ్డంకి వస్తుంది, అది తేలిగ్గా తోసెయ్యగలది కాదు. పద్దెనిమిదో అధ్యాయంలో సాత్త్వికమైన సుఖం మొదట విషంలా ఉండి పరిణామంలో అమృతంలా మారుతుందని ఉంది. ఓర్పు లేనివాడు మొదటి గుక్కలోనే వెనక్కి తగ్గి చివరి అమృతాన్ని పోగొట్టుకుంటాడు కదా అని అడగవచ్చు. నిజమే, చేదును ఓర్వలేక వేపకషాయం పారబోసేవాడిని సమర్థించడం ఈ వ్యాసం పని కాదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేసుకునే జాతికి చేదు గురించి పాఠాలు అక్కర్లేదు. కానీ గీత అక్కడ మాట్లాడుతున్నది ఆత్మజ్ఞానపు నిర్మలత నుంచి పుట్టే సుఖం గురించి, అభ్యాసంతో మరిగే సుఖం గురించి. ఒక ద్రవ్యం గురించి కాదు. అది అలా ఉంచినా, అమృతమని తేల్చేది మొదటి చేదు కాదు, చివరి ఫలితం. మొదట విషంలా ఉండి చివరా విషమే అయ్యేవి లోకంలో బోలెడు. వత్సనాభి నాలుక మీద, గొంతులో చిమచిమ, తిమ్మిరి పుట్టిస్తుంది, ఆపైన గుండె లయ తప్పిస్తుంది. మొదటి ఘట్టం చూసి అమృతం వస్తుందని కూర్చుంటే రెండో ఘట్టం వస్తుంది. అదే గీత పదిహేడో అధ్యాయంలో మూఢమైన పట్టుదలతో తన దేహాన్ని తాను హింసించుకునే తపస్సును తామసం అంది. ఆ మాట కూడా కలిపి చదవాలి.

నీలకంఠుడి పేరు ఈ సీమలో ఎవరైనా ఎత్తుతారు. నవనందులున్న నేల, శ్రీశైలం ఉన్న జిల్లా. హాలాహలాన్నే కంఠంలో పెట్టుకున్న దేవుణ్ణి కొలుస్తూ కాసింత మంటకు గోల ఎందుకని అడగవచ్చు. ఆ కథలో నాకు కనిపించేది వేరు. శివుడు దాన్ని విషమని తెలిసే పుచ్చుకున్నాడు, అమృతమని పేరు మార్చలేదు. లోకం కోసం పుచ్చుకున్నాడు గానీ ఎవరో చెప్పారని కాదు. మింగనూ లేదు. కడుపులోకి పోనివ్వాలా, ఉమ్మెయ్యాలా అన్నది తేలేచోటు గొంతేనని ఆ కథ చెప్పినంత బాగా ఏ వైద్యగ్రంథమూ చెప్పలేదు. గొంతు మాటను నొక్కెయ్యమనడానికి ఆ కథను సాక్ష్యం తేవడం వింతగా ఉంటుంది.

మందు ప్రసాదమైపోతే ఏమవుతుందో హైదరాబాదు చేపమందులో చూడవచ్చు. 1845 నుంచి ఇస్తున్నామని బత్తిని కుటుంబం చెబుతుంది. ఏటా మృగశిర కార్తె రోజున ఉబ్బసం రోగులు వేలల్లో వచ్చి, నోట్లో మందు పెట్టిన కొర్రమీను పిల్లను బతికుండగానే గొంతులోకి జారవిడిపించుకుంటారు. చేప కదులుతూ పోయి గొంతును శుభ్రం చేస్తుందని నమ్మకం. జనవిజ్ఞానవేదిక వంటి సంస్థలు దీని శాస్త్రీయతను నిలదీసి, వ్యవహారం కోర్టుల దాకా పోయాక చేపమందు కాస్తా చేపప్రసాదమైంది. ఆ పేరుమార్పు చిన్నది కాదు. మందుకు ఫలితం చూపాలి, మోతాదు చెప్పాలి, దుష్ఫలితం వస్తే జవాబు చెప్పాలి. ప్రసాదానికి ఇవేవీ లేవు, అది కళ్లకద్దుకుని పుచ్చుకునేది. ప్రసాదమనే మాటకు ఉన్న గౌరవంతో మందు బాధ్యతను తప్పించుకోవడం ప్రసాదానికే అపచారమని భక్తులు అనవలసింది, హేతువాదులు అన్నారు. నిజానికి మన పూజలకు ఈ తేడా బాగా తెలుసు. వినాయకచవితి నాటి ఇరవైయొక్క పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఆకులుంటాయి. మూడూ విషాలే. అవన్నీ ఔషధ పత్రాలేనని ఏటా పండగకు పత్రికల్లో రాస్తారు, ఔషధమే కూడా. కానీ ఏ ఇంటి ఇల్లాలూ పూజయ్యాక ఆ పత్రిని పంచిపెట్టి తినమనదు, నీళ్లలో నిమజ్జనం చేయిస్తుంది. 1940 నాటి ఔషధ, సౌందర్యసాధనాల చట్టం కింద నిబంధనల్లో ఇ(1) అనే షెడ్యూలు ఉంది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల్లో విషద్రవ్యాల జాబితా అది. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు మూడూ అందులో ఉన్నాయి. వాటితో చేసిన మందు మీద వైద్యుడి పర్యవేక్షణలో వాడాలని రాయాలి. వినాయకుడి పళ్లెంలోనూ చట్టం పుస్తకంలోనూ ఒకే పేర్లు కనపడితే, పూజార్హతకూ మింగదగ్గతనానికీ లంకె లేదని పండగే ఒప్పుకున్నట్టు.

వైద్యుణ్ణి సాక్షాత్తు నారాయణుడనే మాట ఒకటి ప్రతి ఆస్పత్రి గోడ మీదా ఉంటుంది. దాన్ని పూర్తిగా చదివితే అర్థం వేరు. శరీరం శిథిలమై రోగాలపాలైనప్పుడు గంగాజలమే మందు, నారాయణుడే వైద్యుడు అన్నది ఆ శ్లోకం తాత్పర్యం. మనుషుల మందులు అయిపోయిన చోట మొదలయ్యే మాట అది. దాన్ని తిరగేసి, మందిచ్చేవాడు దేవుడు కనుక ఎదురడగరాదన్న అర్థం తీశాం. ఆధునిక డాక్టరుకైనా నాటువైద్యుడికైనా ఈ మర్యాద నష్టమే చేస్తుంది, ఎందుకంటే రోగి నోరు మూతపడితే వైద్యుడి చెవి కూడా పోయినట్టే.

ఇంకో అభ్యంతరం ఇప్పటి కాలానిది, అందులో కొంత న్యాయం ఉంది. మన మందుల మీదే ఇన్ని అనుమానాలా, ఇంగ్లీషు మందులు గొంతు మండించవా, కడుపు చెడగొట్టవా అంటారు. చెడగొడతాయి. తేడా ఏమంటే వాటి పెట్టెలో మడతలు మడతలుగా పెట్టిన కాగితంలో ఆ బాధలన్నీ అచ్చయి ఉంటాయి. ఎవరో గొంతెత్తి చెప్పారు కాబట్టి, ఎవరో రాసుకున్నారు కాబట్టి అచ్చయ్యాయి. వాగ్భటుడు చేసిందీ అదే పని. 2021లో ముంబయి వైద్యులు ఆరుగురు రోగుల కాలేయం దెబ్బతినడానికి తిప్పతీగ వాడకంతో సంబంధం ఉందని రాసినప్పుడు ఆయుష్ మంత్రిత్వశాఖ ఖండించింది. వాళ్లు వాడినది అసలు తిప్పతీగ అవునో కాదో తేల్చలేదు, దాన్ని పోలిన వేరే జాతి తీగ కావచ్చునని ఆ ఖండన. సరైన అభ్యంతరమే. అయితే ఆ అభ్యంతరాన్ని ఒప్పుకుంటే, సంచిలోంచి తీసి ఇచ్చిన ప్రతి ఎండుతీగనూ ఇదేనా అని అడగవలసి వస్తుంది. మూలికను కాపాడటానికి చెప్పిన మాటే అమ్మకందారు మీద ప్రశ్నగా మారుతుంది. అదే ఏడాది మే నెలలో కరోనా మందు కోసం నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో జనం విరగబడినప్పుడు, రాష్ట్ర ప్రభుత్వం నోటిద్వారా ఇచ్చేవాటిలో కొన్నిటికి అనుమతించి కంట్లో వేసే చుక్కలను అప్పటికి పక్కన పెట్టింది. రాజకీయం ఎంత కమ్ముకున్నా, ఒంట్లోకి ఏ దారిన పోతుందన్న ప్రశ్న అడగక తప్పలేదు.

నమ్మకమే సగం బలం కదా, గొంతు గొంతు అని అనుమానం పుట్టిస్తే ఆ బలం పోదా అని అడిగేవాళ్లూ ఉంటారు. నమ్మకంతో నొప్పి తగ్గుతుందన్నది వైద్యులూ కాదనని సంగతి. అయితే ఆ బలం ఎంత సున్నితమైనదంటే, రోగి తనకు కలిగింది చెబితే పటాపంచలవుతుందని అనుకోవడం నమ్మకాన్ని తక్కువ చెయ్యడమే. చరకసంహిత పరీక్షకు నాలుగు సాధనాలు చెప్పింది, ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి అని. మొదటిది మిగిలిన మూడింటి నోరు మూయిస్తుందని ఎక్కడా అనలేదు.

అలాగని గొంతును ఏకైక న్యాయమూర్తిని చెయ్యడమూ కుదరదు. ఈ వాదానికి అదే అతి పెద్ద పరిమితి. గొంతుకు తెలియని విషాలున్నాయి. 2008లో ఒక అమెరికన్ వైద్యపత్రికలో వచ్చిన అధ్యయనంలో, ఇంటర్నెట్లో కొన్న 193 ఆయుర్వేద మందుల్లో దాదాపు అయిదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనపడింది. ఇవి గొంతును పలకరించకుండానే లోపలికి పోతాయి. అతిమధురం తియ్యగా దిగుతుంది, గొంతుకు హాయి కూడా, కానీ రోజుల తరబడి ఎక్కువగా వాడితే రక్తపోటు పెంచి పొటాషియం తగ్గిస్తుంది. కాబట్టి గొంతు బాగుందంటే మందు బాగున్నట్టు కాదు. గొంతు బాగాలేదంటే మాత్రం అడగవలసిందేదో ఉన్నట్టే. ఆ అడగడంలో ఆలస్యానికి వీల్లేని ఘట్టం ఒకటుంది. నాలుకో పెదవులో ఉబ్బడం, గొంతు మారడం, లాలాజలం మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం కనిపిస్తే అది రుచుల చర్చకు సమయం కాదు, 108కి ఫోన్ చేసే సమయం. నంద్యాలలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉంది. అక్కడికి పోయిన రోగి వేసుకున్న పసరు సంగతి దాచిపెడితే, డాక్టరు కోప్పడతాడన్న భయంతోనైనా, మందిచ్చినాయన మాట పోతుందన్న మొహమాటంతోనైనా, ప్రమాదం రెట్టింపవుతుంది. పొట్లంలో మిగిలిన పొడిని వెంట తీసుకుపోతే ఆప్తుడి మాటకూ గౌరవమే, ప్రత్యక్షానికీ గౌరవమే.

పరీక్షించడం అపనమ్మకం కాదని ఆళ్లగడ్డలో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. భౌగోళిక గుర్తింపు పొందిన శిల్పకళ ఆ ఊరిది. ఎన్నో గుళ్లకు దేవుళ్లు అక్కడి ఉలి కిందనే పుడతారు. రాతిని కొట్టి, దాని నాదం విని, అది విగ్రహానికి పనికొస్తుందో లేదో తేల్చమని శిల్పశాస్త్రాలు చెబుతాయి. లోపల పగులున్న రాయి మోగదు. రేపు తాను చేతులెత్తి మొక్కబోయే రాతినే ఇవాళ శిల్పి సుత్తితో కొట్టి అడుగుతాడు, దాన్ని ఎవరూ నాస్తికత్వం అనరు. చవితి పండగకు పాలవెల్లికి కట్టే వెలగకాయదీ అదే తీరు. గణపతికి ఇష్టమైన కాయని అందరికీ తెలుసు. అయినా పచ్చడి చెయ్యబోయే ముందు కాయను మోకాలెత్తు నుంచి నేల మీదకు వదిలి చూస్తారు. ఎగిరిపడితే ఇంకా పచ్చిదని పక్కన పెడతారు. చప్పుడు చేసి అక్కడే ఆగిపోతే పగలగొట్టి, గుజ్జు తీసి, బెల్లం కలుపుతారు.